ఐలవ్వ మొక్కు, కొడుకు సర్వర్లు

శ్యాంసుందర్ ఇంటి మీద మూడు సర్వర్లున్నాయని ఊరందరికీ తెలుసు. అవి ఏం చేస్తాయో ఎవరికీ తెలియదు. నిలదీసి అడిగితే శ్యాంసుందర్ కూడా కాస్త నసుగుతాడు. ఒకటి ఊళ్ళో జరిగిన పెళ్ళిళ్ళ ఫొటోలన్నీ దాచిపెడుతుంది. ఇంకొకటి ఫోన్లలో వచ్చే ప్రకటనలను ఇంటి గడప దాటనివ్వదు. మూడోది ఆ రెండూ బాగున్నాయా లేవా అని చూస్తూ ఉంటుంది. ఈ మాత్రం పనికి ఇంత ఇనుము ఎందుకయ్యా అంటే, "నేర్చుకునేటందుకు" అంటాడు. ఏం నేర్చుకుంటున్నాడని మాత్రం అడగకూడదు, అడిగితే సాయంత్రం దాకా చెబుతాడు.

అతను హైదరాబాదు కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తాడు. ఒకసారి ఆఫీసు పనిమీద అక్కడికి వెళ్ళినప్పుడు, మూతపడ్డ ఏదో కంపెనీ సామాను తుక్కు దుకాణంలో కనపడింది. వెడల్పుగా, పల్చగా, ఇద్దరు పడితే తప్ప లేవనంత బరువుగా ఉన్న కంప్యూటర్లు. పెద్ద ఆఫీసుల్లో ఇలాంటివాటిని ఇనుప చట్రంలో ఒకదానిమీద ఒకటి అరల్లా బిగించి, ఏసీ గదిలో పెట్టి, తలుపు మూసి మనుషులు దూరంగా పోయి కూర్చుంటారు. ఎందుకు దూరంగా పోతారో శ్యాంసుందర్‌కు తెలుసు. తెలిసీ తెచ్చుకున్నాడు. చొప్పదండి దగ్గరున్న ఊళ్ళో, సొంత డాబా మీద, రేకుల గదిలో బిగించుకున్నాడు.

స్విచ్చి వేయగానే లోపలున్న చిన్న చిన్న పంకాలన్నీ ఒక్కసారిగా పూర్తి వేగం అందుకున్నాయి. మొదట గుర్రుమన్నాయి. ఆ గుర్రు సన్నబడి, పైకి లేచి, వూఁ అని ఊళగా మారింది. తర్వాత కాస్త తగ్గింది. తగ్గిందని నమ్మితే మోసపోయినట్టే. లోపల పని పెరిగినప్పుడల్లా చెప్పాపెట్టకుండా మళ్ళీ లేస్తుంది. మస్కట్‌లో వాచ్‌మన్‌గా ఉన్న తండ్రి రాయమల్లు ఆ మొదటివారంలో ఫోన్ చేసి, ఆ చప్పుడు విని, "ఏందిరా, ఎయిర్‌పోర్టుల ఉన్నరా? చెప్పకుంట అత్తున్నరా ఏంది?" అని కంగారుపడ్డాడు. ఇంట్లోనే ఉన్నామని నమ్మించడానికి వీడియో తిప్పి బర్రెను చూపించాల్సి వచ్చింది.

భార్య దీపిక మేనమామ కూతురే. బావ సంగతి చిన్నప్పటినుంచీ తెలుసు కాబట్టి కొన్ని నెలలు సర్దుకుంది. టీచరు పోస్టుల పరీక్షకు చదవడం మొదలుపెట్టాక ఆమె ఓపిక అడుగంటింది. ఆమె చదువుకునే గది సరిగ్గా రేకుల గది కింద ఉంది.

"బావా, గా డబ్బాలకు నోరు మూసుడన్న నేర్పు, లేకుంటే నన్ను లక్సెట్టిపేటల దింపిరా. మా బాపు దగ్గర చదువుకుంట," అంది ఒకరోజు, పుస్తకం మూసి. కేకలు వేయలేదు. అందుకే శ్యాంసుందర్‌కు భయం వేసింది, చప్పుడు ఆపిస్తానని మాటిచ్చాడు.

ఇక అతని తల్లి ఐలవ్వ సంగతి. ఈ కథకు అసలు మనిషి ఆమే, ఆలస్యంగా వచ్చింది అంతే.

ఆ ఊళ్ళో మనుషులకన్నా కోతులు దర్జాగా బతుకుతాయి. పెంకులు పీకుతాయి, బీరపాదులు దులుపుతాయి, ఎండబోసిన మిరపకాయలు కొరికి చూసి కోపంతో పారబోస్తాయి. కొడదామంటే చేయి రాదు. కొండగట్టు అంజన్న అంత దగ్గర్లో కూర్చుని ఉండగా ఆయన సైన్యం మీద రాయి వేసే ధైర్యం ఎవరికుంటుంది? ఐలవ్వ ఓపిక పట్టీ పట్టీ, ఒక మంగళవారం కొండగట్టుకు పోయి ముడుపు కట్టింది. "నీ పిల్లలను నా బంగ్లమీదికి రానియ్యకు తండ్రీ. ఏడు తిరిగినంక వాడకట్టంతటికి అన్నం పెడుత," అని మొక్కింది.

కోతులు రావడం మానేశాయి. పక్కింటి దేవవ్వ గోడ మీదికి వస్తాయి, ఐలవ్వ డాబా వైపు అనుమానంగా చూస్తాయి, వేరే దారి పట్టుకుని పోతాయి. సర్వర్లు ఇంటికి వచ్చింది కూడా ఆ నెలలోనే అన్న సంగతి ఊళ్ళో ఎవరికీ తట్టలేదు. అంత చదివిన శ్యాంసుందర్‌కు కూడా తట్టలేదు.

దాంతో ఐలవ్వకు పేరొచ్చింది. అంతకుముందు ఆమెను ఎవరూ ఏ విషయమూ అడిగి ఎరగరు. కూరలో ఉప్పు సరిపోయిందా అని కూడా అడగరు. అలాంటిది ఇప్పుడు రెండు వాడల అవతలినుంచి ఆడవాళ్ళు వచ్చి, మొక్కు ఎట్లా మొక్కాలి, ముడుపు ఏ గుడ్డలో కట్టాలి అని అడిగి పోతున్నారు. ఐలవ్వ గడపలో కూర్చుని, "మంగళారం ఒక్కపొద్దుండుండ్రి. మనసు మంచిగుండాలె. నోటికచ్చినట్టు మొక్కద్దు," అని చెప్పేది. చెబుతున్నప్పుడు ఆమె మెడ కాస్త నిటారుగా అయ్యేది. అది చూస్తే శ్యాంసుందర్‌కు భలే సంతోషంగా ఉండేది.

దేవవ్వకు మాత్రం కడుపుమంట. ఐలవ్వ డాబా నుంచి దారి మళ్ళిన కోతులన్నీ ఆమె ఇంటి మీదే దిగుతున్నాయి మరి. ఆమె కూడా ముడుపు కట్టింది. ఏమీ జరగలేదు. "నీ మనసుల ఏదో ఉన్నది వదినె," అని ఐలవ్వ మెత్తగా అనేది. ఆ మెత్తదనమే దేవవ్వను కాల్చేది.

ఇలా ఉండగా శ్యాంసుందర్ దీపికకు ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి స్క్రూడ్రైవర్ తీశాడు. అరిచే పంకాలు ఊడదీసి, చప్పుడు చేయని పెద్ద పంకాలు పెట్టాడు. సర్వర్ లేవనంది. దాని బోర్డు ప్రతి పంకానూ నువ్వెంత వేగంగా తిరుగుతున్నావని అడుగుతూనే ఉంటుంది. కొత్త పంకాలు నింపాదిగా తిరుగుతూ నింపాదిగానే జవాబు చెప్పాయి. పంకాలు చెడిపోయాయని అది అలిగి కూర్చుంది. అప్పుడతను గోరంత సర్క్యూట్ ఒకటి తయారుచేసి మధ్యలో పెట్టాడు. దాని పనల్లా, బోర్డు అడిగినప్పుడల్లా "బ్రహ్మాండంగా తిరుగుతున్నాం" అని అబద్ధం చెప్పడం. సర్వర్ నమ్మింది. మూడింటికీ అలాగే చేశాడు. ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, వంటింట్లో ఐలవ్వ గొణుక్కునేది మొదటిసారి అందరికీ వినపడింది.

దీపిక మెట్లెక్కి వచ్చి, "మా బావ బంగారం," అంది. శ్యాంసుందర్ ఆ మాటను నెమరేసుకుంటూ ఆ రోజంతా తిరిగాడు.

మర్నాడు పొద్దున ఐలవ్వ గుమ్మడి ఒడియాలు పెట్టి కిందికి దిగింది. మళ్ళీ ఎక్కేసరికి పాత చీర ఒక్కటే మిగిలింది. బీరపందిరి నేలమీద ఉంది. ఒక ముసలి కోతి నీళ్ళ ట్యాంకు మీద కూర్చుని, ఒడియాల పిండి అంటిన వేళ్ళు తీరిగ్గా నాక్కుంటోంది. దేవవ్వ తన ఇంటి మీదినుంచి చూసింది. నవ్వింది.

శ్యాంసుందర్ ఎక్కి వచ్చేసరికి తల్లి ఆ చీర మడతపెడుతోంది. మడతపెట్టినదాన్నే విప్పి మళ్ళీ మడతపెడుతోంది.

"నేనే ఏదో తప్పు జేసిన్న కొడుకా. అందరికి చెప్పుకుంట తిరిగిన గదా, అంజన్నకు కోపమచ్చింది. నాకు గర్వమచ్చిందనుకున్నడు."

"గట్ల కాదవ్వా..." అన్నాడు. రేకుల గది వైపు చూశాడు. చప్పుడు లేదు. ఇంతకాలంగా చప్పుడుంది, కోతులు లేవు. నిన్నటినుంచి చప్పుడు లేదు, కోతులున్నాయి. బుర్రలో అప్పుడు వెలిగింది. వెలగకుండా ఉంటే బాగుండేదనిపించింది. తల్లి పేరు తన చేత్తోనే ఊడదీసి పక్కన పెట్టినట్టయింది. నిజం చెబితే ఏడాదిగా ఆమె పొందిన గౌరవమంతా తుక్కు దుకాణం పంకాలదని చెప్పినట్టే. చెప్పకపోతే ఆమె తనను తాను తిట్టుకుంటూ ఉంటుంది. పాత పంకాలు బిగిస్తే దీపిక లక్సెట్టిపేట బస్సెక్కుతుంది. పైగా ఏడు తిరగవచ్చింది, మొక్కు భోజనాలు రెండు వారాల్లో ఉన్నాయి. కోతులు తిరుగుతున్న డాబా మీద కోతులు రానందుకు అన్నం పెట్టడమంటే, అంతకన్నా నగుబాటు ఇంకోటి లేదు.

చదువుకున్నవాడు కదా, మధ్యేమార్గం కనిపెట్టాడు. ఒక సర్వర్‌కు పాత పంకాలు తిరిగి బిగించి, మామూలుగా వాటిని నిద్రపుచ్చాడు. డాబా మీద ఒక కెమెరా పెట్టాడు. కోతి కనపడితే గుర్తుపట్టే ప్రోగ్రాం రాశాడు. గుర్తుపట్టగానే పంకాలు పూర్తి వేగంతో లేస్తాయి, అతని ఫోన్ కూడా పైకి చెబుతుంది. ప్రోగ్రాంకు కోతి అంటే ఏమిటో నేర్పడానికి తన డాబా మీదే వందలకొద్దీ ఫొటోలు తీశాడు. ప్రతి ఫొటోలోనూ కోతి పిట్టగోడ మీద గొంతుక్కూర్చుని ఏదో తింటోంది. ఇందులో తప్పుందని అతను అనుకోలేదు, మనమూ అనుకోం.

బాగానే పనిచేసింది. రోజుకు నాలుగైదుసార్లు ఊళ పెట్టింది, కోతులు గోడ దూకి పోయాయి. నాలుగైదుసార్లయితే దీపిక సర్దుకుంది. వారం తిరిగేసరికి ఐలవ్వ మెడ మళ్ళీ నిటారైంది. "అంజన్న కోపం సల్లారింది," అని వాడంతా చెప్పింది. శ్యాంసుందర్ ఊపిరి పీల్చుకున్నాడు.

మొక్కు రోజు వాడకట్టు ఆడవాళ్ళంతా వచ్చారు. డాబా మీద టెంటు వేసి, చాపలు పరిచి, పులిహోర, పప్పు, పాయసం వడ్డించారు. లక్సెట్టిపేట నుంచి ఐలవ్వ తమ్ముడు, అంటే దీపిక తండ్రి లచ్చయ్య కూడా వచ్చాడు. మంచి లావుపాటి మనిషి, ఉక్కకు ఓర్చుకోలేడు. ఆడవాళ్ళ మధ్య చోటు లేక, గాలి తగులుతుందని పిట్టగోడ ఎక్కి గొంతుక్కూర్చున్నాడు. కొండగట్టు ప్రసాదం అరటిపండు ఒలిచి, ఒక కొరుకు కొరికాడు.

రేకుల గది గుర్రుమంది. తర్వాత వూఁ అని లేచింది. శ్యాంసుందర్ జేబులోంచి ఒక ఆడగొంతు, వార్తలు చదివినంత స్పష్టంగా, "పెద్ద కోతి వచ్చింది. తూర్పు గోడ మీద," అని చెప్పింది.

లచ్చయ్య కూడా కోతి కోసం తూర్పు గోడంతా వెతికి చూశాడు. ఏమీ కనపడక ఇంకో కొరుకు కొరికాడు.

"పెద్ద కోతి వచ్చింది. తూర్పు గోడ మీద."

చాపల మీద ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. ఫోన్ తీసి ఆపబోయిన శ్యాంసుందర్ కంగారులో దాని గొంతు ఇంకా పెంచాడు. మూడోసారి చెప్పేసరికి లచ్చయ్య పండు తినడం ఆపి, "అల్లుడా, గిది ఎవల్ని అంటున్నది?" అని నెమ్మదిగా అడిగాడు. ఆడవాళ్ళు నవ్వాపుకోలేక పులిహోర మీద పడ్డారు. దీపిక తండ్రిని గోడ దింపింది. దింపగానే పంకాలు తగ్గాయి. అదే కొంప ముంచింది.

దేవవ్వ నవ్వలేదు. ఆమె లెక్క కడుతోంది. లేచి రేకుల గది తలుపు తీసి చూసి, ఇటు తిరిగింది.

"అంటే గిన్నొద్దులు కోతులను ఎల్లగొట్టింది అంజన్న కాదన్నట్టు. గీ డబ్బా అన్నట్టు. మమ్ములనేమో మనసు మంచిగ పెట్టుకొమ్మని చెప్పుడు."

అందరి చేతులూ విస్తళ్ళలో ఆగిపోయాయి. ఐలవ్వ పాయసం గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ముఖం చూడలేక శ్యాంసుందర్ చాప వైపు చూశాడు. తల్లిని పదిమందిలో ఇంత చిన్నబుచ్చింది తన తెలివే.

ఐలవ్వ గిన్నె కింద పెట్టి, రేకుల గదిలోకి వెళ్ళింది. సర్వర్ వెనక చేయి పెట్టి చూసింది. "గీడికెల్లి ఏమత్తుందిరా?" అని అడిగింది.

"గాలవ్వా."

"అంజన్న ఎవలి కొడుకు?"

ఎవరో మెల్లగా, "వాయుదేవుని కొడుకు," అన్నారు.

"మరి? కోతులకు ఆయన తాతైతడు. తాత గద్దిస్తే మనుమలు ఉరుకరా? అంజన్ననే తండ్రికి చెప్పి పంపిండు. మీకు డబ్బా కనవడ్డది, నాకు దేవుడు కనవడ్డడు."

ఆడవాళ్ళలో ఇద్దరు ముగ్గురు అప్పటికే చేతులు జోడించారు. గెలిచిందనే అనుకున్నాడు శ్యాంసుందర్. కానీ దేవవ్వ అంత సులువుగా వదిలే మనిషి కాదు.

"అట్లయితే దేవుడు డబ్బల ఉన్నట్టేగని నీ మొక్కుల కాదు వదినె. గా డబ్బా మా ఇంటి మీద వెడితే మా ఇంటికీ పనిచేస్తది. ఒక్కపొద్దులెందుకు, ముడుపులెందుకు."

ఇది సూటిగా తగిలింది. ఐలవ్వ ముక్కుపుటాలు అదిరాయి. "తీస్కపో వదినె. నువ్వొకటి తీస్కపో, మన వాడకట్టు రామవ్వకొకటి, బాలలక్ష్మికొకటి. మూడింటికి మూడు పోనియ్యుండ్రి. నా మొక్కు నాకున్నది. డబ్బా లేకున్న నా బంగ్ల మీద కోతి అడుగు పెడితె అప్పుడు మాట్లాడుండ్రి."

"అవ్వా," అన్నాడు శ్యాంసుందర్ నీరసంగా.

"పాత పంకాలు బిగిచ్చియ్యి. మంచిగ అరిచేటియి."

స్క్రూడ్రైవర్ మాత్రం దీపికే వెతికి తెచ్చి ఇచ్చింది.

ఆ సాయంత్రమే మూడు సర్వర్లూ పసుపు కుంకుమలతో, ఇద్దరేసి మనుషుల భుజాల మీద, మూడు ఇళ్ళకు పోయాయి. ఊరేగింపు వెనకాల శ్యాంసుందర్ తీగలు పట్టుకుని నడిచాడు. కూతురిని అత్తారింటికి పంపే తండ్రి కూడా అంత దిగాలుగా నడవడు. రాత్రికల్లా అవి మూడు దిక్కులా ఊళ పెట్టడం మొదలుపెట్టాయి. రేకుల గదిలో మాత్రం ఖాళీ చట్రం మిగిలింది.

మూడు ఇళ్ళలో తాత గద్దిస్తే మనుమలు ఎక్కడికి పోతారు? పొద్దున్నే శ్యాంసుందర్ డాబా ఎక్కి చూస్తే, వాడకట్టులోని కోతులన్నీ ఎదురింటి చెట్టు మీద చేరి ఖాళీ డాబా వైపు చూస్తున్నాయి. కింద ఐలవ్వ తలస్నానం చేసి, తడి జుట్టుతో, చల్ల మిరపకాయల పళ్ళెం పట్టుకుని మెట్లెక్కుతోంది. ఎప్పటిలాగే ఎండబోస్తుందట. అవతల ఇంటి మీద దేవవ్వ, రామవ్వ, బాలలక్ష్మి సినిమాకు వచ్చినట్టు వరసగా నిలబడి ఉన్నారు.

ఐలవ్వ మిరపకాయలు పరిచింది. దండం పెట్టుకుంది. ఆమె పెదవులు వణకడం ఒక్క శ్యాంసుందర్‌కే కనపడింది. ఆమె దిగి వాకిట్లోకి పోయింది. మొదటి కోతి కొమ్మ మీదినుంచి పిట్టగోడ మీదికి దూకింది. దాని వెనక ఇంకో రెండు.

ఆ మూడు పెట్టెలతో కాపురం చేసినంతకాలంలో శ్యాంసుందర్ వాటి చప్పుడును ఎన్నిసార్లు విన్నాడో. ఎక్కడ గుర్రుమంటుందో, ఎక్కడ సన్నబడుతుందో, ఎక్కడ పైకి లేస్తుందో అతనికి కొట్టినపిండి. అటూఇటూ చూశాడు. నీళ్ళ ట్యాంకు వెనక ఖాళీ ఇత్తడి బిందె కనపడింది. నలుగురికీ కనపడకుండా అక్కడికి పాకి, కూర్చుని, బిందెలో తల దూర్చి మొదలుపెట్టాడు.

మొదట గుర్రుమన్నాడు. మొదటి కోతి మిరపకాయ దగ్గర ఆగింది. గుర్రును సన్నగా చేసి, నరాలు ఉబ్బేలా పైకి లేపి, వూఁ అని పట్టాడు. బిందె దాన్ని పదింతలు చేసి వదిలింది. ఊపిరి అయిపోయినా ఆపలేదు, ఇంకో ఊపిరి తీసుకుని మళ్ళీ లేపాడు. ముసలి కోతి ముందు పరుగెత్తింది, మిగతావి దాని వెనక. చెట్టు దులిపినట్టు ఖాళీ అయింది.

కళ్ళముందు చుక్కలు తిరుగుతుండగా, వాకిట్లోంచి తల్లి గొంతు వినపడింది. పక్కింటికే కాదు, నాలుగిళ్ళకు వినపడేలా.

"చూస్తివా వదినె? డబ్బా ఏది? పంకా ఏది? ఇప్పుడు చెప్పు."

దేవవ్వ గిర్రున తిరిగి మెట్లు దిగిపోయింది. రామవ్వ అక్కడే గోడ మీదినుంచి ఐలవ్వకు దండం పెట్టింది. శ్యాంసుందర్ బిందెలోనే నవ్వుకున్నాడు. గొంతు మంట పుడుతోంది గానీ, ఇంత ఆనందం ఏ సర్వరూ ఇవ్వలేదు.

కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడయింది. ఐలవ్వ నేరుగా ట్యాంకు వెనక్కి వచ్చింది. కొడుకును చూసి ఆశ్చర్యపోలేదు. చేతిలో పొగలు కక్కుతున్న మిరియాల పాలున్నాయి.

"తాగు. గొంతుకు మంచిది."

అతను బిందె పక్కన పెట్టి, దోషిలా గ్లాసు అందుకున్నాడు. "అవ్వా, అది మరి..."

"ఏం జెప్పద్దు. అంజన్నకు ఎవలతోని పని జేయించుకోవాల్నో ఎర్క." బిందెలోంచి అతని తలకు అంటిన దుమ్ము కొంగుతో తుడిచింది. "రేపు మాత్రం జర పొద్దుగాల్నే ఎక్కు కొడుకా. దేవవ్వ వాకిట్ల పేడనీళ్ళ సాన్పు జల్లే యాళ్లకు. గప్పుడైతే ఆమెకు మంచిగ వినవడ్తది."